నల్ల కార్డు, తెల్ల కార్డు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఆ ఆఫీసులో ఇమిడాయి, కాకపోతే రోజంతా ఒకదాన్నొకటి గీరుకుంటూ ఇమిడాయి. ఒకటి పెద్ద కోడలు, ఇంకొకటి చిన్న కోడలు. ఒర అత్తగారిది.

ఇంకా కట్టని భవనాలకు బొమ్మల సినిమాలు తీయడం అత్తగారి వ్యాపారం. పునాది కూడా తవ్వని ఇంట్లో గుమ్మం దాటి, హాలు చూసి, బాల్కనీలో నిలబడి గాలి పీల్చుకున్నట్టు చూపిస్తే, కొనేవాళ్ళు మురిసిపోయి సంతకం పెట్టేస్తారు. ఆ సినిమాలను ఫ్రేము ఫ్రేముగా వండి వార్చేవి కంప్యూటర్లలోని గ్రాఫిక్స్ కార్డులు. కొడుకులిద్దరూ బయట తిరిగి పనులు తెస్తారు. లోపలి సంగతుల్లో నోరు విప్పకపోవడమే ఒంటికి మంచిదని ఇద్దరికీ పెళ్ళయిన కొత్తలోనే తెలిసొచ్చింది.

మెషిన్ల గది మొదటినుంచీ పెద్ద కోడలిదే. చిన్న కోడలు ఆ ఇంట అడుగుపెట్టినప్పుడు ఆమెకు మౌస్ పట్టుకోవడం తప్ప ఏమీ రాదు. పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది పెద్ద కోడలే. డ్రైవర్ అంటే కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీ లాంటిదనీ, దుబాసీ తప్పు చెబితే ఎంత గొప్ప కార్డయినా మూగదేననీ చెప్పింది. కార్డు వేడెక్కేకొద్దీ ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో ఒక గీత గీసి చెప్పవచ్చనీ, ఆ గీతను కొండలా నిటారుగా కాక మెట్లు మెట్లుగా గీస్తే ఫ్యాన్ మాటిమాటికీ రంకెలు వేయదనీ చూపించింది. చిన్న కోడలు ఇట్టే పట్టేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఏకై వచ్చి మేకై కూర్చుంది.

పెద్ద కోడలు నల్ల డబ్బాలో వచ్చే కార్డుల మనిషి. చిన్న కోడలు తెల్ల డబ్బాలో వచ్చే వేరే కంపెనీ కార్డులకు మనసిచ్చింది. ఇక పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. నల్ల కార్డు సాఫ్ట్‌వేర్‌లో ఒక స్విచ్ కావాలంటే తెర మీద పాత కిటికీ ఒకటి, కొత్త కిటికీ ఒకటి, ఫ్యాన్ కోసం బయటినుంచి తెచ్చుకున్నది ఇంకొకటి తెరవాలనీ, అది ప్రభుత్వాఫీసు చుట్టూ తిరిగినట్టుంటుందనీ చిన్న కోడలు అనేది. తెల్ల కార్డుది ఒకటే కిటికీ, నిజమే, కానీ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ వంటగదిని తీసుకెళ్ళి పడకగదిలో పెడుతుందని పెద్ద కోడలు తిప్పికొట్టేది. నీది ముసలిదంటే నీది సోకుదని. వినేవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారు.

పాత మెషిన్లన్నీ తీసేసి కొత్తవి కొనే రోజు వచ్చింది. ఈసారి అన్నిట్లోనూ ఒకే రకం కార్డు ఉండాలనీ, ఎవరి కార్డు నెగ్గితే గది వాళ్ళదేననీ అత్తగారు తేల్చిచెప్పింది. రెండోవాళ్ళు వాళ్ళ కింద పనిచేయాలి. పెద్ద కోడలికి ఆ రోజు అన్నం సహించలేదు. తను మౌస్ పట్టించిన పిల్ల దగ్గరికి వెళ్ళి రేపటి నుంచి సెలవు అడుక్కోవాలా అని లోలోపల ఉడికిపోయింది.

పోటీకి షరతు ఒక్కటే. ఒకే సినిమా రెండు మెషిన్లలో పొద్దున్నే మొదలుపెట్టాలి. డ్రైవర్ కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, కార్డు పనితీరు మార్చే కంట్రోల్ కిటికీ ఎవరూ తెరవకూడదు. అత్తగారికి అందులో అటూ ఇటూ జరిపే స్లైడర్ల సంగతి అంతగా తెలియదు. మనుషులు కెలుకుతారని మాత్రం బాగా తెలుసు.

మధ్యాహ్నానికి తెల్ల కార్డు ముందుంది. మరీ ఎక్కువేం కాదు, కానీ ఉంది. అందరూ భోజనానికి లేచారు. చిన్న కోడలు వెళ్తూ వెళ్తూ తోడికోడలి తెర వైపు ఒక చూపు చూసి, పెదవి చివర నవ్వి మరీ వెళ్ళింది. ఆ నవ్వే కొంప ముంచింది.

గది ఖాళీ అయ్యాక, అందరికంటే వెనకబడ్డ పెద్ద కోడలు వెళ్ళి చిన్న కోడలి కుర్చీలో కూర్చుంది. కంట్రోల్ కిటికీ తెరిచింది. కార్డు ఎంత కరెంటు తాగవచ్చో చెప్పే స్లైడర్‌ను కిందికి లాగింది. ఆకలితో ఉన్న ఎద్దు ఎంత దున్నుతుంది, కార్డూ అంతే, మెల్లగా నడుస్తుంది. అక్కడితో కిటికీ మూసేస్తే సరిపోయేది. కానీ కంటికి పక్కనే ఫ్యాన్ గీత కనబడింది. కంపెనీవాళ్ళు గీసిన గీత, కొండలా నిటారుగా ఉంది. అలాంటి గీత చూస్తే ఆమెకు మొదటినుంచీ ఒళ్ళు మంట. శత్రువు మెషిన్ అన్న సంగతి బుర్రకు గుర్తుంది, చేతికి లేదు. ఆ చెయ్యి తన దారిన తాను గీతను మెట్లు మెట్లుగా దిద్ది, సేవ్ చేసి, కిటికీ మూసింది. చెడగొట్టడానికి కూర్చున్న మనిషి బాగుచేసి లేచింది. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

సాయంత్రానికి నల్ల కార్డు సినిమా పూర్తయింది. తెల్లది ఇంకా ఈడుస్తూనే ఉంది. చిన్న కోడలి మొహం పాలిపోయింది. పొద్దున పరిగెత్తింది ఇప్పుడెందుకు పాకుతోందని అత్తగారికి అనుమానం వచ్చి, కంట్రోల్ కిటికీ తెరిచి చూపించమంది. చిన్న కోడలు ధీమాగానే తెరిచింది. పైన పెద్ద అక్షరాలతో కస్టమ్ అని ఉంది. అంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. అంతవరకు అత్తగారికీ అర్థమవుతుంది.

"గెలుస్తున్నదానివి, ఎందుకు కెలికావు?" అంది అత్తగారు. గొంతు పెంచలేదు. "కెలికితే కెలికావు, అదన్నా సరిగ్గా చేతకాలేదా?"

తను ముట్టుకోలేదని చిన్న కోడలు చెప్పింది. ఆ మెషిన్ ఎవరిదని అడిగింది అత్తగారు. చిన్న కోడలు తెర వైపు తిరిగి మెట్లు మెట్లుగా ఉన్న ఆ గీతను చూసింది. పెద్ద కోడలూ అప్పుడే చూసింది, తన చెయ్యి చేసిన పని అప్పుడు తెలిసింది. ఆ ఆఫీసులో గీతను అలా గీసేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. నేర్పినావిడ ఒకరు, నేర్చుకున్నావిడ ఒకరు. ఇది అక్క గీత అని చిన్న కోడలు నోరు తెరిస్తే, నువ్వూ అలాగే గీస్తావుగా అని గదిలో ఉన్నవాళ్ళందరూ అంటారు. చిన్న కోడలికి ఆ సంగతి తెలుసు. మౌస్ వదిలేసి కుర్చీలోంచి లేచింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు పెద్ద కోడలు. చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్క మాట చెబితే ఆ పిల్ల పరువు నిలబడుతుందని తెలుసు. చెప్పలేదు. ఊపిరి పీల్చుకుంది, సంతోషించింది కూడా. సిగ్గు తర్వాత వచ్చింది, అప్పటికి గది ఆమెదని అత్తగారు చెప్పేసింది.

చేతులు కడుక్కునే చోట ఇద్దరూ ఎదురుపడ్డారు. అన్నాళ్ళూ అక్కా, నువ్వు అని పిలిచిన పిల్ల ఆ సాయంత్రం మీరు అని మొదలుపెట్టింది.

"ఎవరికీ చెప్పనులెండి అక్కా," అంది కుళాయి కట్టేస్తూ. "చెబితే మీకు ఒక్కరోజు సిగ్గు. చెప్పకపోతే రోజూ."

చిన్న కోడలు బదులు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

కొత్త మెషిన్లు వచ్చాయి, అన్నిట్లోనూ నల్ల కార్డులే. ఇక చిన్న కోడలు గొడవ పెడుతుందని, పని ఎగ్గొడుతుందని పెద్ద కోడలు ఎదురుచూసింది. దానికైతే ఆమె దగ్గర జవాబులున్నాయి. అదేమీ జరగలేదు. చిన్న కోడలు అందరికంటే ముందు వస్తుంది, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. ఒక్క కంట్రోల్ కిటికీ మాత్రం ముట్టుకోదు. కొత్త డ్రైవర్ ఎక్కించాలన్నా, తెర రంగు సవరించాలన్నా, ఫ్యాన్ కాస్త తగ్గించాలన్నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. గదంతా వినబడేలా, ఎంతో మర్యాదగా పిలుస్తుంది.

"అక్కా, ఒక్కసారి వస్తారా?"

మొదట్లో పెద్ద కోడలు నువ్వే పెట్టుకో అంది. తర్వాత విసుక్కుంది. తర్వాత బతిమాలినంత పని చేసింది. ఎన్నిసార్లన్నా జవాబు ఒకటే.

"వద్దక్కా. నేను ముట్టుకుంటే మళ్ళీ మాట వస్తుంది. మీ చెయ్యే మంచిది."

ఈ వినయం చూసి అత్తగారు పొంగిపోతోంది. ఒక్క దెబ్బకి పిల్ల దారికొచ్చిందని కొడుకులతో చెప్పుకుంటోంది. తేలు కుట్టిన దొంగ అరవగలడా? పెద్ద కోడలు చేస్తున్న పని వదిలి రోజూ లేస్తుంది. చిన్న కోడలు కుర్చీ ఖాళీ చేసి, పక్కన నిలబడి, తెర వైపు కాక ఆమె మొహం వైపు చూస్తుంది. పెద్ద కోడలు ఆ కుర్చీలో కూర్చుని, అందరూ చూస్తుండగా, ఆ మౌస్ మీద చెయ్యి వేస్తుంది.