గుండీలతో అచ్చనగాయలు

కాజాలు కుట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్లు ఆ వీధిలోనే లేరు. నలభై ఏళ్లుగా దర్జీ కొట్టు వెనక గదిలో కూర్చుని, చొక్కాలకీ కోట్లకీ కాజాలు కుట్టీ కుట్టీ ఆవిడ పేరే కాజాల నానమ్మ అయిపోయింది. వీధిలో అందరికీ నానమ్మే గానీ సొంత మనవరాలు మాత్రం ఒక్కతే. ఆరేళ్లది. మనిషి సన్నం, మాట సూటి. అందుకని దాన్ని అందరూ పిన్నీసు అంటారు.

ఆ పిన్నీసుకి ఎడమకంటి చూపు మందగించిందని కంటి డాక్టరమ్మ చెప్పింది. పనంతా కుడికన్నే చేసేస్తుంటే ఎడమది బద్ధకం మరిగిందట. రోజూ రెండు గంటలు కుడికంటికి పట్టీ కట్టి ఎడమదానితో పని చేయించాలి. "మూడు నెలలు చూద్దాం. ఈ వయసులోనే దారికి రావాలి. పెద్దయ్యాక చాలా కష్టం" అంది.

పిల్లేమో ససేమిరా అంది. కట్టిన పట్టీ కట్టినట్టే పీకి పారేసింది. వాళ్లమ్మ బస్సు కండక్టరు. "నావల్ల కాదు అత్తయ్యా! బస్సు నిండా జనాన్ని సర్దగలను గానీ దీన్ని సర్దలేను" అని తల పట్టుకుని కూలబడింది.

"ఓస్, ఆ మాత్రానికేనా!" అంది కాజాల నానమ్మ. గుండీల డబ్బాలోంచి పెద్ద కోటు గుండీలు ఐదు తీసి, బాగా కనపడేలా ఒక్కోదానికీ ఎర్రగుడ్డ కుట్టి, గచ్చు మీద చతికిలబడింది. నాలుగు కింద పరిచింది. ఐదోది ఎగరేసి, అది దిగేలోపు కిందిదొకటి తీసి, దిగినదాన్నీ అదే గుప్పిట్లో పట్టేసింది. పిల్ల నోరు తెరుచుకుని చూసింది.

"నానమ్మా, నాకూ!"

"పట్టీ కట్టుకున్నవాళ్లకేనమ్మా ఈ ఆట."

"అయితే నువ్వూ కట్టుకో!"

తనకేం భయం? చిన్నప్పుడు అచ్చనగాయల్లో ఈవిడ ముందు ఎవరి పప్పులూ ఉడికేవి కావు. లైనింగు పీలిక ఒకటి తీసి కుడికంటికి బిగించుకుని గుండీ ఎగరేసింది. అది పొగమంచులోకి పోయినట్టు మాయమై, ఠపీమని మోకాలికి తగిలింది. మళ్లీ ఎగరేసింది. మళ్లీ అంతే. తన ఎడమకన్ను పనిచెయ్యడం లేదని ముసలావిడకి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ తన కాజాలన్నీ కుడికన్నూ వేళ్ల అలవాటూ కలిసి కుట్టినవే! ఈ సంగతి బయటపడితే చేతిలో సూది లాగేసుకుంటారు. ఏమీ ఎరగనట్టు మళ్లీ గుండీ ఎగరేసింది.

పిల్ల మాత్రం కేరింతలు కొట్టింది. నానమ్మని ఓడిస్తుంటే పట్టీ సంగతి ఎవరికి గుర్తు? మొదట్లో గుండీ ఒకచోట పడితే చెయ్యి ఇంకోచోట తడిమేది. పదో రోజుకి ఒక్కటి దొరికింది. తర్వాత రెండేసి, మూడేసి. నానమ్మ ఎర్రగుడ్డ విప్పేసింది. కొన్నాళ్లకి కోటు గుండీలు తీసేసి చొక్కా గుండీలు పెట్టింది. ఆ పిల్ల చూపు గాల్లో ఉన్నదాన్ని వదలదు, చెయ్యి నేల మీదదాన్ని వదలదు! ఎవరూ నేర్పకుండానే ఆ చెయ్యి సరిగ్గా గుండీ వచ్చేచోటికి ముందే వెళ్లి పుడిసిలై కూర్చునేది. నలభై ఏళ్లు సూది పట్టిన మనిషి, ఆ బుల్లి వేళ్లని చూసి ముచ్చటపడిపోయింది.

ఇక మూడు వారాల్లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలనగా పిన్నీసు ఉన్నట్టుండి పట్టీ తీసి విసిరికొట్టింది.

"ఇది దొంగాట! కావాలనే ఓడిపోతున్నావ్. నేనేం చిన్నపిల్లనా? నీతో పచ్చి, జట్టు లేదు!"

రెండు రోజులు ఎవరు బతిమాలినా పట్టీ ముట్టుకోలేదు. కాజాల నానమ్మ మింగలేక కక్కలేక తిరిగింది. తన పట్టీ ఎడమకంటికి మార్చి ఆడితే గెలిచి చూపించొచ్చు. కానీ అది ఇంకో దొంగాట. మూడో రోజు కోడలి ముందే మనవరాల్ని ఒళ్లోకి లాక్కుంది.

"కావాలని కాదే నా తల్లీ. నాకు ఎడమకన్ను కనపడదు. చెబితే పని మానిపిస్తారని చెప్పలేదు."

పిల్ల నానమ్మ కంట్లోకి తొంగి చూసింది.

"కనపడకుండానే రోజూ ఆడావా?"

"ఆడక? నీ కన్ను బాగుపడొద్దూ!"

పిన్నీసు విసిరేసిన పట్టీ వెతికి తెచ్చి తనే కట్టుకుంది.

అనుకున్న రోజున ముగ్గురూ వెళ్లారు. పిల్ల ఎడమకంటితో కిందటిసారి కంటే మూడు వరసలు ఎక్కువ చదివింది. డాక్టరమ్మ నమ్మలేక మళ్లీ చదివించింది. అచ్చనగాయల సంగతి విని, "ఎగిరేదాన్ని చూస్తూ కిందిది ఏరడమా? కంటికీ చేతికీ అంతకన్నా మంచి పని నేను కూడా చెప్పలేను. ఆపకండి" అంది.

"మా నానమ్మకి కూడా చూడండి. కానీ సూది మాత్రం మానిపించొద్దు" అంది పిన్నీసు.

వద్దే అంటున్నా వినకుండా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కుడికంటిని అరచేత్తో మూసింది. పెద్ద అక్షరం కూడా కనపడలేదు. డాక్టరమ్మ లైటు వేసి చూసింది.

"శుక్లం. బాగా ముదిరింది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందమ్మా. సూది కూడా మానక్కర్లేదు."

పిన్నీసు మొహం చిన్నబోయింది.

"చూపొస్తే నన్ను ఓడించేస్తుందా?"

"ఓడించేస్తుందేమో మరి!" అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ.

పిల్ల నానమ్మ వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది, పెద్దగా ఊపిరి వదిలింది.

"పర్లేదు, చేసెయ్యండి."