ఒట్టు మీద కొన్న కారు

ఆ కారుకున్న జబ్బేమిటో త్రికోటేశ్వరరావుకి కొనకముందే తెలుసు. క్రోసూరు సెంటర్లో పురుగుమందుల కొట్టు నడిపే అతన్ని అందరూ కోటి అంటారు. బేరాల్లేని మధ్యాహ్నాలు కొట్లో కూర్చుని అతను ఫోన్లో చూసేవి ఆ కారు వీడియోలే. చూడ్డానికి చిన్నదే. ఏ టీచరో బ్యాంకు గుమాస్తానో కొనుక్కునే సైజు. లోపల ఇంజిన్ మాత్రం పందెపు గిత్త. యాక్సిలేటర్ మీద కాలు ఆనిస్తే వీపు సీటుకి అతుక్కుపోతుంది. కొద్ది కార్లు అమ్మి ఆ కంపెనీ వాటిని ఆపేసింది. కొన్నవాళ్లంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని ఒకటే ఏడుపు. ఇంజిన్ లోపలి చైన్ కొన్నేళ్లకు సాగుతుంది. సాగిన చైన్ చెప్పాపెట్టకుండా ఒకరోజు పళ్లు జారిందంటే లోపల తిరిగేవన్నీ ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంజిన్ తుక్కయిపోతుంది. ముందే మార్పించుకుంటే ఏ బాధా లేదు. అందుకే పాతది కొనేవాడు అడగాల్సిన మాట ఒక్కటే, చైన్ మార్పించారా అని.

కోటి ఆ మాట అడిగాడు. అడిగింది సొంత బావనే.

బావ చెన్నకేశవులుకి పిడుగురాళ్లలో సున్నపు బట్టీలున్నాయి. సరదాకి హైదరాబాదు నుంచి అదే రకం ఎర్రటి కారు తెచ్చుకున్నాడు. ఇప్పుడు పెద్ద బండి బుక్ చేసి దీన్ని వదిలించుకోవాలనుకున్నాడు. బట్టీ ముందు, సున్నం దుమ్ము పట్టిన కారు పక్కన బేరం జరిగింది.

“చైన్ మార్పించావా బావా?”

“మార్పించా.”

“బిల్లుందా?”

చెన్నకేశవులు పక్కనున్న కూలీల వైపు తిరిగాడు. “బిల్లడుగుతున్నాడు మా బామ్మర్ది. ఒరేయ్, మీ అక్కని చేసుకున్నప్పుడు నేనడిగానా బిల్లు?”

కూలీలు నవ్వారు. కోటి నవ్వలేదు. “అది కాదు బావా, ఈ బండికి అదే రోగం. మార్పించకపోతే చెప్పు, నేనే మార్పించుకుంటా. దాచొద్దు.”

చెన్నకేశవులు కూతురు లాస్య కారు ముందు సీట్లో కూర్చుని పాటలు మారుస్తోంది. అతను ఆ పిల్లని కిందికి దించి, దగ్గరికి లాక్కుని, నెత్తిన అరచెయ్యి పెట్టాడు.

“నా బిడ్డ మీద ఒట్టు. మార్పించా. చాలా?”

లాస్య తండ్రి చేతి కిందనుంచి మామయ్యని చూసి నవ్వింది. ఆ తర్వాత కూడా బిల్లడిగేవాడు మనిషేనా?

కారు తెచ్చుకున్నాక అతను మనిషే మారిపోయాడు. ఉల్లాసంగా తిరిగాడు. పొద్దున్నే పని కల్పించుకుని మాచర్ల రోడ్డెక్కేవాడు. మిరపచేలూ పత్తిచేలూ వెనక్కి పరుగెత్తుతుంటే ఒక్కడే గట్టిగా నవ్వుకునేవాడు. అయితే చలికాలం వచ్చేసరికి పొద్దున స్టార్ట్ చేసినప్పుడల్లా ఇంజిన్లోంచి గలగలమని ఒక చప్పుడు. కాసేపటికి ఆగిపోయేది. ఆ చప్పుడేమిటో గ్రూపులో వందమంది రాశారు. కోటి వాటిని చదవడం మానేశాడు. మార్పించానన్నాడుగా బావ, అని పాట సౌండు పెంచేవాడు.

ఎండలు ముదిరాక తల్లి రామాయమ్మని మాచర్లలో చుట్టాలింటికి తీసుకెళ్లి తిరిగొస్తున్నాడు. దాచేపల్లి దాటాక డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు చప్పుడైంది. స్టీరింగు బిగుసుకుపోయింది. కారు రోడ్డు పక్కకి జారి ఆగింది. ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు.

నీడ అంటే ఒక తుమ్మచెట్టు. షుగరున్న మనిషి రామాయమ్మ, దాని కింద కొంగు నెత్తిన కప్పుకుని కూలబడింది. బాటిల్లో నీళ్లైపోయాయి. దగ్గర్లో ఉన్నది బావేనని కోటి ఫోన్ చేశాడు. చెన్నకేశవులు కొత్త బండిలో వచ్చాడు, వెనక లాక్కెళ్లడానికి సున్నం లారీ. దిగీ దిగగానే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

“అల్లుడు గారూ, మంచినీళ్లున్నయ్యా?” అంది రామాయమ్మ.

“ఆగత్తా, ఇదొక్కటి అయిపోనీ.”

వాళ్లు ఇళ్లకి చేరకముందే ఆ వీడియో చుట్టాల గ్రూపులో పడింది. ‘మా బామ్మర్ది గిత్త కాడి కింద పడింది. కోతకి కావాలంటే చెప్పండి’ అని రాశాడు. చుట్టాలందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఆఖరికి వర్షిణి కూడా, అందులో తల్లి ముఖం సరిగ్గా చూడకుండానే, ఒకటి పెట్టింది. వర్షిణి చెన్నకేశవులు భార్య, కోటికి తోడబుట్టిన అక్క.

నరసరావుపేటలో మెకానిక్ జావీద్ ఇంజిన్ విప్పాడు. “ఇది కంపెనీలో వేసిన చైనే. ఎవరూ చెయ్యి పెట్టలా.”

“మా బావ మార్పించానన్నాడే.”

“మీ బావే తెచ్చాడు నా దగ్గరికి, అమ్మకముందు. చైన్ పోయిద్ది, మార్చాలన్నా. అమ్మేసేదానికి ఎందుకులే అన్నాడు.”

“మరి నాకెందుకు చెప్పలేదు జావీద్ భాయ్?”

జావీద్ చేతులు తుడుచుకుంటూ, “నన్నడిగావా నువ్వు?” అన్నాడు.

కోటి అక్కడినుంచే ఫోన్ చేశాడు. చెన్నకేశవులు బుకాయించలేదు కూడా. “బామ్మర్దిని కాకపోతే ఎవర్ని చేస్తార్రా మోసం? బేరంలో సవాలక్ష అంటాం.”

“పిల్ల మీద ఒట్టేశావు బావా.”

“ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు,” అని నవ్వి పెట్టేశాడు.

కోటి అరవలేదు, పెద్దమనుషుల దగ్గరికి పోలేదు. కొట్టు తీశాడు, మందులమ్మాడు. తల్లి అడిగితే, పోనీలేమ్మా అన్నాడు. లోపల మాత్రం ఒక రోజు కోసం ఎదురుచూశాడు.

లాస్యకి ఓణీల ఫంక్షన్ పెట్టారు. పిడుగురాళ్లలో హైవే పక్క ఏసీ హాలు, ఊరంతా ఫ్లెక్సీలు. ఓణీ తెచ్చేది మేనమామే గనక కోటి వెళ్లాడు. తల్లిని తీసుకుని, పట్టు ఓణీ, గాజులు, స్వీట్ల పళ్లేలతో వెళ్లాడు. గుమ్మంలో వర్షిణి అతని చెయ్యి పట్టుకుంది. “వచ్చావా తమ్ముడూ. రావేమోనని చానా భయపడ్డా.” కోటి ఆమె కళ్లలోకి చూడలేదు.

లాస్య స్టేజి మీద పెద్ద కుర్చీలో బొమ్మలా కూర్చుంది. కోటి అక్షింతలు తీసుకున్నాడు. యాంకరమ్మాయి మైకిచ్చి, మేనమామ గారు నాలుగు మాటలు చెప్పాలంది. కోటి మేనకోడలి తల మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా, అందరికీ వినపడేట్టు మాట్లాడాడు.

“ఈ తల మీద చెయ్యి పెట్టి మా బావ నాకు ఒట్టేశాడు, కారు అమ్ముకోటానికి. ఇంజిన్ బాగు చేయించానన్నాడు. చేయించలా. అబద్ధపు ఒట్టు ఎవరి మీద వేస్తే వాళ్లకేమైద్దో మీలో పెద్దోళ్లకి తెలుసు. అందుకని అందరూ గట్టిగా దీవించండి. ఈ పిల్లకి మీ దీవెనలు చానా అవసరం.”

అని అక్షింతలు చల్లి మైకిచ్చేశాడు.

ముందు వరసలో చెన్నకేశవులు తల్లి వెంకాయమ్మ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. వర్షిణి భర్త దగ్గరికి వెళ్లింది. “నిజమేనా?”

“ఏందే నువ్వు కూడా? ఏదో బేరంలో...”

“వేశావా, లేదా?”

కుర్చీలోంచి లాస్య అంది, “వేశాడమ్మా. నేనక్కడే ఉన్నాగా.” తండ్రి వైపు తిరిగింది. “అందుకా నాన్నా నన్ను దగ్గరికి తీసుకుంది? నేనేమో...”

ఫోటోగ్రాఫర్ సంగతి అర్థం కాక, “పాపా, ఇటు చూడమ్మా, స్మైల్,” అన్నాడు. లాస్య నవ్వింది. హాల్లో అందరికీ ఆ నవ్వు కనపడింది. కోటి మెట్లు దిగుతూ అది చూశాడు. తను కొట్టాలనుకున్నది బావని. దెబ్బ ఎక్కడ పడిందో అప్పుడు తెలిసింది. వెనక్కి వెళ్లలేదు.

భోజనాలు మాత్రం ఎవరూ మానలేదు.

ఆ తర్వాత లాస్య చేపల కూర ముట్టడం మానేసింది, ముల్లు గుచ్చుకుంటుందని. సున్నం లారీలు తిరిగే రోడ్డు దాటదు. స్కూల్ బస్సెక్కమంటే గుమ్మం పట్టుకుని ఏడుస్తుంది. వర్షిణి కోటప్పకొండకి తీసుకెళ్లింది, దర్గాలో తాయెత్తు కట్టించింది. ఎన్ని కట్టిస్తే ఆ పిల్లకి అంత భయం. ఏమీ లేకపోతే ఇన్నెందుకు కడతారని అడిగేది.

ఒకసారి కోటి వెళ్లాడు. వర్షిణి గేటు తియ్యలేదు.

“నేను బావనన్నానక్కా. దాన్ని కాదు.”

“మీ బావకేమైందిరా? శుభ్రంగా తిని పడుకుంటన్నాడు. అది నిద్రపోక నా మొహం చూస్తా కూర్చుంటంది.” గొంతు పెంచలేదు. “అతనైతే మూర్ఖుడు. ఏమీ కాదులే అని వేశాడు. నువ్వు ఏమైద్దో తెలిసి అన్నావు. పో. అమ్మకి చెప్పు, దీన్ని మీ ఇంటికి పంపను.”

రామాయమ్మకి ఆ మాట చెప్పలేక కోటి, పిల్లకి పరీక్షలన్నాడు.

మగవాళ్ల సంగతి మాత్రం తేలిగ్గానే తేలింది. కులపెద్ద గోపాలకృష్ణయ్య ఇద్దర్నీ తన పొలానికి పిలిపించి, ఇంజిన్ ఖర్చు చెన్నకేశవులు భరించేట్టు, స్టేజి మీద అన్నందుకు కోటి తప్పొప్పుకునేట్టు ఒప్పించాడు. ఒప్పుకున్నారు. వేటమాంసం వండారు. రెండో గ్లాసుకి చెన్నకేశవులు, “మైకు పట్టుకుని భలే అన్నావురా, నాకే గుండెలు జారినయ్,” అన్నాడు. కోటి తనకి నవ్వు రాకూడదనుకున్నాడు. వచ్చింది.

ఎక్కడో తుక్కులో దొరికిన ఇంజిన్ తెచ్చి జావీద్ బిగించాడు. చూద్దాం పదమని బావ తనే వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. నరసరావుపేట దాటి చిలకలూరిపేట రోడ్డెక్కారు. ఇంజిన్ మెత్తగా, బలంగా లాగుతోంది. కోటికి మొదటి రోజుల సంతోషం ఒళ్లంతా పాకింది.

చెన్నకేశవులు ఫోన్ మోగింది. స్పీకర్లో వర్షిణి. “దీనికి ఒళ్లు కాలిపోతంది. నేను చచ్చిపోతన్నానా అని అడుగుతంది. ఎక్కడున్నావు?”

“జొరమొస్తే ఎవరూ చావరని చెప్పు. మాత్ర వెయ్యి.”

“నీ నోటితో నువ్వు చెప్పు దానికి. ఒక్కమాట. ఇస్తన్నా ఫోను...”

ఫోన్ చేతులు మారిన చప్పుడు, చిన్న ఊపిరి వినపడ్డాయి. “నాన్నా?”

కోటి కాలు యాక్సిలేటర్ మీద కొంచెం తేలింది. బావ అతని వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. కట్ చేశాడు. మళ్లీ మోగితే తొడ మీద బోర్లా పెట్టాడు.

“నీకేందిరా, తొక్కు,” అన్నాడు. “ఇందాక ఎట్టా లాగిందో అట్టా.”

కోటి తొక్కాడు.