రెప్ప కింద ఎరుపు

పొద్దుగూకి మంద ఇంటికి చేరగానే మా అత్త వెంకటక్క ఒక్కో గొర్రె తల పట్టుకుని, కింది కంటిరెప్పను బొటనవేలితో లాగి చూస్తుంది. లోపల ఎర్రగా ఉంటే వదిలేస్తుంది. పాలిపోయి ఉంటే “జయరాముడూ, దీనికి నెత్తురు ల్యాదురా, డాక్టరుకు ఫోన్ చెయ్” అని మా ఆయనను కేకేస్తుంది. ఎనభై గొర్రెలు. ఒక్కదాన్నీ మరిచిపోదు. ఆమె చూసి వదిలిన గొర్రె నా దగ్గరికి వస్తుంది. చెవుల్లో, తోక కింద, తొడల సందుల్లో కరిచి పట్టుకున్న పిడుదులను నేను పీకి, డీజిల్ చుక్కలు వేసిన డబ్బాలో వేస్తాను. కొన్ని వేళ్ల మధ్యే చిట్లి, తాగిన నెత్తురు కక్కుతాయి. మా ఇంట్లో అది ఆడవాళ్ల పని. చేతికి తొడుగులు కొనిపెట్టమంటే మా ఆయన నవ్వాడు. “గోళ్లుండేది దేనికే?”

ఈ ఏడు వానలు పడ్డాక నాకు జ్వరమొచ్చింది. వణుకు, చెమట, మళ్లీ వణుకు. అయినా పొయ్యి నాదే, దొడ్డి ఊడ్చేది నేనే, నాలుగేళ్ల వెన్నెలకు తల దువ్వేది నేనే. ఆరో రోజు ఒంటికి పోస్తే కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. అదేమిటో నాకు తెలుసు. పోయినేడు రెండు గొర్రెలు అట్లాగే పోస్తే, మా ఆయన తింటున్న కంచం ముందు నుంచి లేచి పరిగికి బండేసుకుపోయి పశువుల డాక్టరును వెనక కూర్చోబెట్టుకొచ్చాడు. ఆ మాటే అత్తతో చెప్పాను.

“వేడి చేసిండాది. మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానేసుకో,” అంది.

ఆయనతో చెప్పాను. “ఒంటికి పోసింది గూడా నాకు చెప్తాండావా? సిగ్గుండాల.”

కళ్లు పచ్చబడ్డాక కామెర్లన్నారు. పసరు తాగించారు. ఉప్పు లేని పథ్యం పెట్టారు. నేను చప్పిడి కూడు తింటూ వాళ్లకు ఉప్పేసి వండాను. రుచి చూడలేను కదా, ఒకరోజు పప్పులో ఎక్కువైంది. ఆ ఉప్పు మాట ఆ ఇంట్లో రెండు రోజులు నడిచింది. నా జ్వరం మాట ఒక్క పూట కూడా నడవలేదు. ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి నా రెప్ప నేనే లాగి చూసుకున్నాను. సున్నం కొట్టిన గోడ లాగుంది. మర్నాడు గొర్రెల మధ్యే పడిపోయాను.

పెనుకొండలో నెత్తురు చూసి మలేరియా అన్నారు. మాత్రలు మింగినా తగ్గలేదు సరికదా ఆయాసం మొదలైంది, ఒంటికి రావడం ఆగిపోయింది. హిందూపురం తెచ్చారు. ఇక్కడి డాక్టరమ్మ శ్రీదేవిగారు మంచం పక్కన కూర్చుని, “నువ్వు ఏం పని చేస్తావమ్మా?” అని అడిగింది. ఇంట్లోనే ఉంటుంది మేడమ్ అని మా ఆయన చెప్పేలోపే నేను వేళ్లు చూపించాను.

“పిడుదులు,” అన్నాను.

ఆమె మళ్లీ నెత్తురు తీయించి, ఆ చుక్క పూసిన గాజుపలకను తానే చూసి వచ్చింది. పిడుదు కాటుతో ఒక పురుగు నెత్తుర్లో చేరి ఎర్రకణాలను పగలగొడుతోందట, చూడ్డానికి మలేరియా లాగే ఉంటుందట. నేను తొమ్మిదిలో బడి మానేసినదాన్ని, ఎర్రకణాల బొమ్మ మాత్రం గుర్తుంది. “మనుషులకు రావడం చాలా అరుదు. వచ్చినా చాలామందికి ఇంత ముదరదు. నీకెందుకు మూత్రపిండాల దాకా పోయింది?” అంటూ పొట్ట నొక్కబోయి ఆగింది. నా ఎడమ పక్క పొడుగాటి కోత మచ్చ ఉంది.

“ప్లీహం తీసేశారా?”

“అది లేకున్నా ఏం కాదన్నారు మేడమ్,” అన్నాడు ఆయన. “పొట్టేలు పొడిచింది, మూడేండ్లయింది.” పాత కాగితాల్లోనూ అదే ఉంది. ఒక ఆస్పత్రి రాసింది చూసి ఇంకొకటి ఎక్కించుకుంటూ వచ్చింది.

“అది నెత్తురుకు జల్లెడ. అదుంటే ఇంత దూరం వచ్చేది కాదు,” అని నాతోనే చెప్పింది డాక్టరమ్మ.

ఆ పొట్టేలుకు నుదుటి మీద తెల్ల మచ్చ. నా అరచేతిలో జొన్నలు తినేది. ఆ రోజు వెన్నెలకు జ్వరం, ఒళ్లోంచి దింపితే ఏడుస్తోంది, ఆయన కూడు చల్లారిపోయింది. అంతే. కోత కోయించుకుని నేను ఇంటికి వచ్చేసరికి పొట్టేలు లేదు, సంతలో అమ్మేశారు. “మనిషిని పొడిచేదాన్ని ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా?” అని అత్త వచ్చినవాళ్లకల్లా చెప్పింది. వచ్చినవాళ్లు దాన్ని తిట్టారు. నేనూ తిట్టాను. దాని కొమ్ములిరగ అన్నాను. మచ్చ కంటే ఆ మాటే నన్ను ఎక్కువ సలుపుతుంది.

నాలుగు సీసాల నెత్తురెక్కించారు. తొమ్మిదో రోజుకు జ్వరం దిగింది, ఒంటికి తేటగా వచ్చింది. “ఇంకోసారి పిడుదు కరిస్తే ఈమె తట్టుకోలేదు. గొర్రెల దొడ్డిలో అడుగు పెట్టకూడదు,” అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

“మరి ఆ పని ఎవురు చేయాల మేడమ్?” అన్నాడు ఆయన. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగాడు.

జవాబు ఆ పొద్దున్నే ఫోన్లో వచ్చింది. ఆయన స్పీకరులో పెట్టి నా దిండు పక్కన ఉంచాడు. “ఏమే పవిత్రా, నీ కూతురు నీకంటే మేలే,” అంది అత్త మురిపెంగా. “చిన్న వేళ్లు గదా, చెవి సందుల్లోకి బాగా పోతాండాయి. నిన్న సగం డబ్బా నింపింది.”

ఆయన నవ్వాడు.

“దానికి ఒళ్లెట్లుండాది అత్తా?”

“కొంచెం వెచ్చగుండాదిలే. వేడి చేసింటాది.”

వేడి. “రెప్ప లాగి చూడత్తా.”

“పిల్లను గొర్రె అనుకుంటివేమే?” అని నవ్వి పెట్టేసింది.

ఆయన ఫోన్ జేబులో వేసుకున్నాడు. “ఇప్పుడే పోయి పాపను తీసుకురా,” అన్నాను. “రేపు బొచ్చు కత్తిరించేవాళ్లు వస్తాండారు, ఈ సాయంత్రం మనమే ఇంటికి పోదాం. ఊరికే గాబరా నీకు,” అన్నాడు. మూడేళ్లుగా నేను ఏది చెప్పినా దాని పేరు గాబరా.

అప్పుడు నర్సు రూతమ్మక్క వచ్చింది, ఇంటికి పంపే కాగితం నింపడానికి. “పాత ఆపరేషన్, పొట్టేలు పొడిచి. అంతే కదమ్మా?” అంది రాస్తూనే.

“అక్కా, నీ ఫోన్ ఒకసారి ఇస్తావా?”

ధర్మవరంలో మా అమ్మ పట్టుదారం చుట్టే పనికి పోతుంది. మోటారు చప్పుడులో ఎత్తింది. “అమ్మా, నన్ను పొడిచింది పొట్టేలు కాదు,” అన్నాను. “వెన్నెలకు జ్వరం. ఈ పొద్దే పోయి దాన్ని హిందూపురం ఆస్పత్రికి తీసుకురా. ఎవరేమన్నా ఇడిచిపెట్టి రావద్దు.” అటు మోటారు ఆగింది. తర్వాత, “బస్టాండుకు పోతాండా,” అంది.

“ఏమే, జ్వరం తలకెక్కిందా?” ఆయన మంచం దగ్గరికి వచ్చాడు. రూతమ్మక్క ఆయనకూ నాకూ నడుమ నిలబడి, “నువ్వు బయట కూర్చోప్పా,” అంది. డాక్టరమ్మకు కబురు పంపి నా వైపు తిరిగింది.

“ఆ మాట కొట్టేయండక్కా,” అన్నాను.

ఆమె పొట్టేలు మీద గీత గీసింది. “పైన ఏం రాయాల?”

నేను తలుపు దగ్గర నిలబడ్డ మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పాను.

“జయరాముడు. కుడి కాలు.”