పసుపు టేపు చుట్ట

మూడో అంతస్తు, ఆరో గది. ఆమె రిమోట్ వెనక మూత తీసి, రెండు బ్యాటరీలను అరచేతిలోకి దొర్లించుకుంది. బెత్తెడు ఎత్తు నుంచి ఒక్కొక్కటీ బల్ల మీద నిలువుగా వదిలింది. మొదటిది దబ్బున కూర్చుంది. రెండోది ఎగిరిపడి దొర్లిపోయింది.

"నీ పని అయిపోయింది, పో" అంది దానితో.

ఆ లాడ్జిలో నలభై గదులు. తుడవడం, దుప్పట్లు మార్చడం ఆమె ఉద్యోగం. బ్యాటరీల సంగతి ఎవరూ చెప్పలేదు, తనే నెత్తిన వేసుకుంది. అందరూ రిమోట్లక్క అనేవాళ్ళు. పొట్టి మనిషి. మూతలు తీసీ తీసీ కుడి బొటనవేలి గోరు ఓ పక్కకి వంగిపోయింది.

చచ్చిన బ్యాటరీల కొసలకు పసుపు టేపు అంటించి బిస్కెట్ల డబ్బాలో వేసేది. పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీలో ఆ టేపు పీకేవాళ్ళ గోళ్ళు నొప్పి పుట్టకూడదని దాని చివర చిన్న మడత కూడా పెట్టేది. ఇంత చాదస్తం ఎందుకంటే, ఆమె భర్త ఊరి చెత్తకుప్ప మీద కూలీ. ఎవరో పారేసిన బ్యాటరీలు ఒకదానికొకటి తగిలి కుప్ప లోపల నిప్పు రాజుకుంది. మూడు రోజులు ఆ పొగ మింగాడు, నాలుగో నెలలో పోయాడు. తన చేతి మీదుగా ఒక్కటంటే ఒక్కటి కూడా కుప్పకు చేరకూడదని అప్పుడు పట్టు పట్టింది. పదకొండేళ్ళయింది.

నెలాఖరున డబ్బా మేనేజరు చేతికిచ్చేది. "ఫ్యాక్టరీ బండి వస్తుందక్కా, ఇచ్చేస్తా" అనేవాడు. భర్త ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ క్యారియర్ మోసుకొచ్చిన మనిషి అతను. తోడబుట్టినవాడు కూడా అంత చేయడు.

ఆ పొద్దున ఐదో గదిలో దిగిన పెద్దాయన చెవి మిషను పోయిందని లాడ్జి పైకప్పు లేచిపోయేలా అరిచాడు. దిండు గలీబులో దొరికేసరికి నాలిక కరుచుకున్నాడు గానీ, అంతలోపే ఊడ్చిన చెత్తలో పోయిందేమోనని ఆమె పెరట్లో చెత్తడబ్బాలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికేసింది. టీ పిప్పి, తడిసిన కాగితాలు, వాటి కింద పసుపు రంగు. ఒకటీ రెండూ కాదు, నిన్న ఇచ్చిన డబ్బా మొత్తం. ఏ ఒక్క మడతనీ ఎవరూ విప్పలేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె బతుకు.

నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్ళి గుప్పెడు బ్యాటరీలు మేనేజరు ముందు పోసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

అతను తల వంచుకున్నాడు. "మొదటి ఏడాది బండి వచ్చిందక్కా. తర్వాత మానేశారు. నువ్వంత ముచ్చటగా డబ్బా తెచ్చి ఇస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు."

"రాలేదా? నెలనెలా ‘ఇచ్చేశానక్కా’ అనడానికి మాత్రం బాగానే వచ్చిందే!"

"బాధపడతావని..."

"నా మొగుడు ఎలా పోయాడో నీకు తెలుసు. ఆ కుప్ప మీద ఇంకొకడు ఉంటాడు కదరా, వాడికీ ఓ పెళ్ళాం ఉంటుంది. వాడి మీదికి ఆ నిప్పు నా చేత్తోనే పంపించావు కదరా!"

ఆమె అతణ్ణి ‘రా’ అనడం అదే మొదటిసారి. అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె చూడలేదు.

మిగిలిన గదులు ఊడ్చింది, దుప్పట్లు మార్చింది. పని సగంలో వదిలే అలవాటు ఆమెకు లేదు. సాయంత్రం పెరట్లో కూర్చుని చెత్తలోని బ్యాటరీలను ఒక్కొక్కటే ఏరి, గుడ్డతో తుడిచి, ఊడిన చోట కొత్త టేపు వేసి, మళ్ళీ బిస్కెట్ల డబ్బాలో నింపింది. డబ్బా చంకన పెట్టుకుని ముందు గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికక్కా?"

"ఫ్యాక్టరీకి. కరిగించేది నా కళ్ళతో చూస్తా."

"మరి రేపు?"

"రేపటికి ఇంకెవరినైనా చూసుకో."

బస్సు వచ్చింది, ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. టీవీ కట్టేద్దామని మేనేజరు రిమోట్ కోసం తడుముకున్నాడు. చేతికి కౌంటర్ మీద ఆమె వదిలి వెళ్ళిన పసుపు టేపు చుట్ట తగిలింది. తర్వాత తీసుకునేవాళ్ళకు సులువుగా ఉండాలని, దాని చివర చిన్న మడత పెట్టి ఉంది.