గేటుకు ఎగువన

"పట్నం పెంటంతా తెచ్చి మా రేవులో కలిపారు! నువ్వూ, నీ మున్సిపాలిటీ! తెలిసే చేశారు!"

గట్టు మీద నుంచి పుల్లమ్మ అరిచిన అరుపుకు శానిటరీ ఇన్‌స్పెక్టరు చెంచయ్య స్కూటరు దిగబోయి ఆగాడు. జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"పంపుహౌసులో మోటారు కాలిందమ్మా. మురుగు పొంగి వీధుల్లో పడుతుంటే మురుగుకాలువ గేటెత్తి వాగులోకి వదిలాం. నాలుగు రోజుల ముచ్చట."

"ఏ నాలుగు రోజులయ్యా? నువ్వా మాట చెప్పాక రెండు మిరపకోతలు అయినాయి!"

అబద్ధమేం కాదు. మోటారు బాగుచేయించడం మానేసి గేటెత్తి చేతులు దులుపుకున్నారు. కంపు భరించలేక పల్లె జనం ఆఫీసుకు పోతే బ్లీచింగ్ పౌడరు చల్లించారు. తెల్లపొడి కింద నల్లనీళ్లు అట్లాగే పారాయి. కళ్లంలో మిరపకాయల ఘాటుకు కూడా తుమ్మని పుల్లమ్మ, ఈ కంపుకు అన్నం ముందు నుంచి లేచిపోతోంది.

ఇవాళ ఆమె బాధ అంతకంటే పెద్దది. ఇవాళ బాప్తిస్మాల ఆదివారం. ఆమె తల్లి మునిగింది ఈ రేవులోనే. పుల్లమ్మను మాత్రం మొగుడు బతికున్నన్నాళ్లూ మునగనివ్వలేదు. ఈ ముసలితనంలో, మనవరాలు జయకుమారితో పాటు ఆమె వంతు వచ్చింది. ఇవాళైనా కాస్త తేటపడుతుందేమోనని తెల్లచీరలు కట్టుకుని వచ్చేసరికి రేవు నిండా నురగ.

పాస్టరు ఏసోబు గారు అంగీ పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. "పట్నం చర్చిలో సిమెంటు తొట్టి ఉంది. అక్కడికి పోదాం పుల్లమ్మా."

"తొట్లో మూతి పెట్టడానికి నేనేమన్నా గేదెనా అయ్యగారూ? మా అమ్మ మునిగిన వాగులోనే ముంచండి. లేదంటే ఇట్టాగే పూడ్చిపెట్టండి!"

అంటూనే, బ్లీచింగు చల్లినవాళ్లు గట్టున వదిలేసిన పారా తట్టల్లోంచి పార అందుకుని, గేటు దాటి ఎగువకు నడిచింది. అక్కడ వాగంతా ఎండిన ఇసుక.

"చచ్చిన వాగులో ఏం తవ్వుతావే? గొయ్యి నీకేనా?" అంది, ఆమెతో కోతలకు వచ్చే రాజ్యం.

పుల్లమ్మ ఇసుకలో పార దించింది. బోరింగు రాకముందు వేసవిలో ఇక్కడే చెలమలు తీసి తాగిన వాళ్లే అందరూ. బోరింగు వచ్చాక అది మరిచి, వాగంటే ఆ నల్లకాలువే అనుకున్నారు. తిట్టుకుంటూనే రాజ్యం తట్ట పట్టుకుని దిగింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లూ దిగారు.

మోకాటి లోతున ఇసుక చల్లబడింది. ఇంకా తవ్వితే తడి తగిలింది. గొయ్యి అడుగున నీళ్లు ఊరుతున్నాయి. మొదట బురదగా, తర్వాత తేటగా, పుల్లమ్మ కాలిగోళ్లు కనబడేంత తేటగా. ఆమె దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. తడి ఇసుక వాసన. అంతే.

"ఇక్కడే ఉన్నావటే తల్లీ!" అంది వాగుతో.

ఇంత కంపు మోస్తూ, ఇంతమంది చచ్చిందనుకుంటుంటే, వాగు కింద నుంచి తన దారిన తాను పారుతూనే ఉంది. గట్టు దిగి వచ్చిన చెంచయ్య చేతిలోంచి జేబురుమాలు జారి ఇసుకలో పడింది. అతను తీసుకోలేదు.

గొయ్యి మనిషి పట్టేంత వెడల్పయి, నడుం లోతు నీళ్లు చేరాక ఏసోబు గారు దిగి, పుల్లమ్మను వెల్లకిలా వాల్చి ముంచారు. నీళ్ల కింద నుంచి ఆమెకు ఆకాశం వణుకుతూ కనిపించింది. లేచేసరికి గట్టు మీద ఒక్కరూ పాట ఎత్తుకోలేదు. అందరూ ఆ నీళ్లనే చూస్తున్నారు.

అంతలో గేటు దగ్గర భళ్లుమంది. పట్నం పొద్దున లేచి కడుక్కున్నదంతా ఒక్కసారిగా వచ్చి పడింది. దిగువకు పోయే దారి చాలక నల్లటి నురగ ఎగువకు తన్ని, చెలమ వైపు ఇసుక మీద పాకుతోంది. జయకుమారి ఇంకా గట్టు మీదే ఉంది, తెల్లచీర కుచ్చిళ్లు పట్టుకుని.

"గేటు దించు, చెంచయ్యా."

"దించితే ఊళ్లో పొంగుద్దమ్మా! ఛైర్మన్ గారి వీధే ముందు మునుగుద్ది!"

"మునగనీ. ఆయన గుమ్మంలోకి వస్తే సాయంత్రానికల్లా మోటారు తిరుగుద్ది." తడిచీరతో పుల్లమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది. "నా మనవరాలు మునగాలి. దించు. ఇప్పుడే దించు."