గురునాథ్‌కు ఒక వన్స్‌మోర్

తెల్లవారి మొదటి బండి కుడతిని స్టేషనుకు వచ్చే లోపల తిమ్మమ్మ ఉగ్గాణి తయారై ఉండాలి. బొరుగులు నీళ్లలో ముంచి, రెండు చేతులతో గట్టిగా పిండి, ఎర్రగడ్డలు వేగుతున్న బాణలిలో వేసి, పైన పుట్నాల పొడి చల్లి కలిపేది. ఏళ్ల తరబడి చేస్తున్న పని. ఆలోచన ఎక్కడున్నా చేతులు వాటంతట అవి చేసుకుపోయేవి. ఒక్క ఉప్పు దగ్గరే ఈ మధ్య చెయ్యి ఆగిపోతూ ఉంది. వేశానా, వెయ్యలేదా?

దానికొక ఉపాయం కనిపెట్టింది. ఉప్పు వెయ్యగానే ఉప్పు చట్టిని పొయ్యికి కుడి పక్క నుంచి ఎడమ పక్కకు మార్చేది. ఒక వారం బాగానే జరిగింది. ఆ తర్వాత, చట్టి ఎడమ పక్కన కనిపిస్తే ఈ పొద్దు మార్చిందా, నిన్న మార్చి తిరిగి పెట్టడం మరిచిపోయిందా అని కొత్త అనుమానం పట్టుకుంది.

"నన్నడుగక్కా, నాలిక మింద ఏసుకొని చెప్తా," అనేది పక్క పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు వేసే హొన్నూరమ్మ. "నువ్వు రెండు తూర్లు ఏసినా నాకు మేలే. నోరు మండి నా బజ్జీలు కొంటారు."

"బజ్జీ తింటే ఇంకా మండుతాది గదే."

"అప్పుడు మళ్లా నీ ఉగ్గాణి కొంటారు. సాకు బిడు, చాల్లే, మన యాపారానికేం?"

తిమ్మమ్మ నవ్వేది కానీ లోపల బెదురు పోయేది కాదు. మరిచిపోకూడని వాటికి కొంగు చివర ముడులు వేసుకునేది. సాయంత్రానికి నాలుగు ముడులు తేలేవి. ఏ ముడి దేనికో తెలిసేది కాదు. ఆమె తల్లి కూడా ఇట్లాగే మొదలైంది. చివరి రెండేళ్లు కూతురి చేతి ముద్ద తింటూ, "ఏ ఊరు తల్లీ మీది? మంచి చెయ్యి," అనేది.

అయినా ఉప్పుకూ ముడులకూ తిమ్మమ్మ అంత భయపడలేదు. ఒకనాడు బొరుగులు పిండుతూ పిండుతూ ఆగిపోయింది. భర్త గురునాథ్ పోయి తొమ్మిదేళ్లు. అతని చెంప మీది పుట్టుమచ్చ కుడి వైపా, ఎడమ వైపా? ఎంత తలచుకున్నా ఆ ముఖం నీళ్లలో పెట్టిన బొరుగుల్లా మెత్తబడి విడిపోతోంది. ఉన్న ఒక్క ఫోటో, నాటకం కంపెనీ వాళ్లంతా వరసగా కూర్చుని తీయించుకున్నది, చెదలు తినేశాయి.

ఆ వారమే సంత బయలులో టెంటు సినిమా దిగింది. పంతొమ్మిదివందల యాభై తొమ్మిదో సంవత్సరం, జొన్న కోతలు అయిపోయిన రోజులు. టెంటుకు యజమాని, మిషను తిప్పేవాడు, గేటు కాసేవాడు అంతా ఉచ్చెంగెప్పే. దిగిన మర్నాడు పొద్దున్నే ఉగ్గాణికి వచ్చి కూర్చున్నాడు.

"ఈ తూరి కొత్త పిక్చరు ల్యా, తిమ్మక్కా. ఇచ్చేటోళ్లు చేతులెత్తేసినారు. పాత డబ్బా ఒకటి తెచ్చినా. మన బళ్లారి కంపెనీ ఒకటి పాతికేళ్ల కిందట మదరాసుకు పోయి ఆడిన నాటకం. కెమెరా ముందర పెట్టుకొని, తెర లేసింది మొదలు మంగళం దాకా అట్లనే పట్టినారు. 'ఏడు బీగాలు' అని."

తిమ్మమ్మ చేతిలో గరిటె ఆగింది. "దాంట్లో మా ఆయప్ప ఉండాడు."

"గురునాథప్పా? ఏం ఏషం?"

"బీగాల బంటు."

"ఓహో," అన్నాడు ఉచ్చెంగెప్ప మర్యాదకు. బీగాల బంటు ఎవరో అతనికి గుర్తు రాలేదని ఆమెకు తెలిసిపోయింది.

అది నవ్వించే నాటకం, మాటకన్నా పాట ఎక్కువ. ఒక పిసినారి శెట్టి తన మేనకోడలిని ఏడు గదుల లోపల దాచి ఏడు బీగాలు వేస్తాడు. ఆమెను ప్రేమించిన చిన్నవాడు గాజులమ్మేవాడి వేషంలో వచ్చి, పాటలు పాడి, ఒక్కో బీగమే తీయించుకుంటాడు. ఆ బీగాలకు కాపలా ఉన్న బంటు గురునాథ్. నడుముకు ఏడు తాళపుచెవులు గలగలలాడించుకుంటూ రెండో అంకంలో వచ్చి ఒకే ఒక్క పాట పాడి పోతాడు.

*ఏడు వాకిళ్లయ్య, యేడు బీగములయ్య,*
*యేడు చెవులున్నవి నా నడుమున;*
*ఏది దేనికి సరిపోవునో మరచితి,*
*ఏ దేవుడు నాకు చెప్పునయా!*

పాటంతా ఈ నాలుగు చరణాలే. కానీ మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి గురునాథ్ నిజంగానే మరిచిపోయేవాడు. తల గోక్కుంటూ నిలబడితే జనం అది నటన అనుకొని పడి పడి నవ్వేవాళ్లు. ఇంట్లో తిమ్మమ్మ రొట్టెలు తడుతూ అతనికి చరణాలు అందించేది. అట్లా అందించీ అందించీ అతని పాటే కాదు, శెట్టివీ, చిన్నవాడివీ, మేనకోడలివీ అన్నీ ఆమెకు నోటికి వచ్చేశాయి.

ఇరవై ఏళ్లు ఆడాడు గురునాథ్. గాజులవాడి పాటకు ప్రతి ఆటలో వన్స్‌మోర్‌లు పడేవి. బీగాల బంటుకు ఒక్కనాడు ఒక్కరూ అనలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఈ పొద్దూ ఎవురూ అడగల్యా తిమ్మీ. వచ్చే ఆటకు చూడు," అనేవాడు. అట్లా అంటూనే కామెర్లతో పోయాడు. అతనికి అట్లాంటి ఆశ ఒకటి ఉండేదని ఇప్పుడు ఈ లోకంలో తెలిసింది తిమ్మమ్మ ఒక్కదానికే. ఆమె కూడా మరిచిపోతే?

మొదటి రోజు హొన్నూరమ్మను వెంటబెట్టుకొని దీపాలు పెట్టే వేళకు టెంటుకు పోయింది. ఆడవాళ్లది ఒక పక్క, మగవాళ్లది ఒక పక్క, మధ్యలో తడిక. తెర మీద ఇంకో తెర లేచింది. గాజులవాడు వచ్చి భుజం మీది గాజుల మలారం దించి పాట ఎత్తుకున్నాడు. పాట అయిపోగానే మగవాళ్ల వైపు ముందు బెంచీలో నారప లేచి, "వన్స్‌మోర్!" అని అరిచాడు. ఊరి నాటకం సంఘానికి పెద్ద నారప. అతని గొంతు స్టేషను దాకా వినిపిస్తుంది. బొమ్మలోని గాజులవాడు ఆగి, జనానికి చేతులు జోడించి, మళ్లీ మొదటి నుంచి పాడాడు.

అందులో వింతేమీ లేదు. సినిమావాళ్లు అడిగినా పలకరు. నాటకంవాళ్లు అట్లా కాదు, అడిగితే పాడతారు. రీలులో ఉన్నంత మాత్రాన మర్యాద మరుస్తారా? ఉచ్చెంగెప్పకు మాత్రం మిషనులో కార్బను కడ్డీలు ఎక్కువ కాలుతాయని బాధ. అందుకే గేటు దగ్గర పలక మీద సుద్దతో రాసిపెట్టాడు: *ఒక పాటకు మూడు వన్స్‌మోర్లకు మించి అడగరాదు.*

రెండో అంకంలో తాళపుచెవుల గలగల వినబడింది. గురునాథ్ వచ్చాడు. పాతికేళ్ల వెనకటి గురునాథ్, గట్టి మెడ, పెద్ద చెవులు. పుట్టుమచ్చ ఎడమ చెంప మీద, కంటికి కొంచెం కింద. తిమ్మమ్మ తన ఎడమ చెంప తడుముకుంది. చుట్టూ జనం బీడీలకనీ టీకనీ లేచి పోతున్నారు. మదరాసులో ఎవరు ఎన్నిసార్లు వల్లె వేయించారో, మూడో చరణం తప్పకుండా పాడి, ఒక్క క్షణం జనం వైపు చూసి, పక్క తెరలోకి పోయాడు. ఆ ఒక్క క్షణం ఎందుకు చూశాడో ఆమెకు తెలుసు.

నోరు తెరిచింది. కొంగు అడ్డం పెట్టుకొని మూసుకుంది. ఆడవాళ్లు వన్స్‌మోర్ అనడం ఆమె ఎరుగదు.

అట్లా నాలుగు రోజులు గడిచాయి. నాలుగు రోజులూ అతను ఆగి చూశాడు, పోయాడు. తిమ్మమ్మ కొంగుకు ఒక పెద్ద ముడి వేసుకుంది. ఆ ముడి దేనికో మాత్రం మరిచిపోలేదు.

అయిదో రోజు ఉచ్చెంగెప్ప ఉగ్గాణి తింటూ, "ఈ పొద్దే కడా ఆట," అన్నాడు. "ఈ డబ్బా ఇంక ఎవురికీ వద్దంట. రేపు బళ్లారిలో గాజులు చేసేటోళ్లకు ఏసేస్తాండా. ఫిల్ము కరగబెట్టి గాజులు పోస్తారు."

"ఇన్నాళ్లు గాజులమ్మి, కడాకు వాళ్లే గాజులైపోతాండారు!" అని హొన్నూరమ్మ నవ్వి, తిమ్మమ్మ ముఖం చూసి నవ్వు మింగేసింది.

తిమ్మమ్మ పొయ్యి ఆర్పి నేరుగా నారప ఇంటికి పోయింది. అతను పంచలో కూర్చొని ఉగాదికి ఆడబోయే నాటకం పుస్తకం తిప్పుతున్నాడు.

"నారపా, ఈ పొద్దు మా ఆయప్ప పాటకు నువ్వొక వన్స్‌మోర్ అడగప్పా."

నారప గడ్డం గీరుకున్నాడు. "ఆ బీగాల బంటుకా? అక్కా, తప్పుగా అనుకోవద్దు. నా గొంతుకొక మర్యాద ఉండాది. నేనడిగితే ఊరంతా అడుగుతాది. అట్లాంటిది ఆ పాటకు అడిగితే రేపు నన్ను చూసి నవ్వరా?"

"నవ్వించే పాటే గదప్పా అది."

"పాటకు నవ్వితే సరే. నన్ను చూసి నవ్వకూడదు."

బయటికి వచ్చాక హొన్నూరమ్మ, "ఆయప్ప గొంతు ఆయప్ప దగ్గరే ఉండనీ," అంది. "నీకు నోరు ల్యాదా? పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఉగ్గాణి, ఉగ్గాణి అని అరుస్తావు. ఇది అంతకంటె పెద్ద మాటా?"

కడపటి ఆటకు టెంటు నిండింది. గాజులవాడికి మూడు వన్స్‌మోర్లూ పడ్డాయి. తాళపుచెవులు గలగలలాడగానే ఎప్పటిలాగే జనం లేవడం మొదలుపెట్టారు. గురునాథ్ పాడాడు. ఆగాడు. చూశాడు. పక్క తెర వైపు తిరిగాడు. తిమ్మమ్మ కొంగు ముడిని పిడికిట్లో బిగించింది.

"వన్స్‌మోర్!"

ఎండిన గొంతు, మధ్యలో చీలింది. లేచినవాళ్లు లేచినట్టే నిలబడిపోయారు. "ఎవురది? ఆడమనిషి!" అన్నారెవరో.

బొమ్మలో గురునాథ్ అప్పటికే సగం లోపలికి పోయాడు. తాళపుచెవుల చప్పుడు ఆగింది. వెనక్కి తిరిగి, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు. నన్నా అన్నట్టు ఎద మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నిన్నేనప్పా! ఇంకెవుర్ని?" అని కేక పెట్టింది హొన్నూరమ్మ.

అతను నడిమధ్యకు వచ్చాడు. ఏడు వాకిళ్లు పాడాడు. ఏడు చెవులు పాడాడు. మూడో చరణం దగ్గర ఆగిపోయాడు. తల గోక్కున్నాడు. జనం గొల్లుమన్నారు. "యాక్షను బాగ చేస్తాండాడే!" అన్నాడు నారప.

తిమ్మమ్మ అతని తల చూడలేదు, కుడి చెయ్యి చూసింది. బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద గబగబ నడుస్తోంది. అది నటన కాదు. పొయ్యి ముందర కూర్చున్నప్పుడు, మాట తప్పిపోతే అతను చేసే పని అది.

ఆమె లేచింది. జనాన్ని తప్పించుకుంటూ, తడిక దాటుకొని, తెర ముందరికి పోయి నిలబడింది. మిషను చప్పుడులో వినిపించేలా, కానీ జనానికి కాకుండా అతనికే చెప్తున్నట్టు, "ఏది దేనికి సరిపోవునో మరచితి," అని అందించింది.

గురునాథ్ ఆ పెద్ద చెవి ఆమె వైపు వంచాడు. ముఖం అంతా విచ్చుకుంది. ఎడమ చెంప మీది మచ్చ ఆమెకు చేతికందేంత దగ్గర్లో, అరచేయంత పెద్దగా ఉంది. మూడో చరణం అందుకొని, నాలుగోది టెంటు గుడ్డ అదిరేట్టు పాడాడు.

పాట అయిపోయింది. మొట్టమొదట లేచింది నారప గొంతే. "వన్స్‌మోర్!" ఆ వెంట టెంటంతా. పలక మీద రాసినట్టు మూడూ అయ్యేదాకా ఎవరూ బీడీకి పోలేదు. మూడోసారి గురునాథ్ ఎక్కడా తడబడకుండా పాడి, చేతులు జోడించి, ఆ సంతోషంలో వచ్చిన పక్క కాక ఇంకో పక్క తెరలోకి పోయాడు.

మర్నాడు టెంటు విప్పారు. ఉచ్చెంగెప్ప ఉగ్గాణి తిని లేస్తూ, పాత పేపరులో చుట్టింది ఒకటి తిమ్మమ్మ చేతిలో పెట్టాడు. "ఫిల్ము మూరెడు కత్తిరించినా. గాజులోళ్లకు ఒక గాజు తక్కువ, అంతే గదా."

విప్పి వెలుతురుకు ఎత్తి చూసింది. గోరంత గోరంత బొమ్మలు, వరసగా. అన్నిటిలోనూ గురునాథ్ చేతులు జోడించే ఉన్నాడు.

ఆమె దాన్ని వక్కాకు సంచిలో దాచుకుంటుండగానే నారప వచ్చాడు. బజ్జీ తినడు, ఉగ్గాణి అడగడు, అటూ ఇటూ తచ్చాడుతున్నాడు.

"ఏందప్పా, నీ గొంతుకేమన్నా అయిందా?" అంది హొన్నూరమ్మ.

"అక్కా," అన్నాడు నారప, తిమ్మమ్మతోనే. "మా నాటకానికి పుస్తకం చూసి మాట అందించేవాడు పెట్రోమాక్సు వెలుతురులో అక్షరాలు కనబడక ఒకరి మాట ఇంకొకరికి అందిస్తాండాడు. నువ్వొచ్చి తెర ఎనక కూచోవాల."

"నేనా? ఉప్పేసింది మరిచిపోతాండా నాయనా. నన్ను నమ్ముకుంటావా?"

"ఉప్పు సంగతి నాకు తెల్దు. రాత్రి నువ్వు చెప్పకుంటే ఆయప్ప ఇంకా అట్లనే తల గోక్కుంటా ఉండేవాడు."

అట్లా తిమ్మమ్మ తెర వెనకకు పోయింది. ఉగాదికి మొదలుపెట్టి పదిహేడేళ్లు అక్కడే కూర్చుంది. ప్రతి నాటకం ఒకసారి చదివించుకొని వింటే చాలు, పుస్తకం అక్కర్లేదు. ఇంట్లో మాత్రం మరుపు పెరుగుతూనే వచ్చింది. ఉగ్గాణిలో ఉప్పు హొన్నూరమ్మే వేసేది. కొంగు ముడులు విప్పడం కూడా తిమ్మమ్మ మానేసింది. ఒకనాడు హొన్నూరమ్మ పేరే తప్పిపోతే, "బజ్జీలామె," అని పిలిచింది. హొన్నూరమ్మ పలికింది.

తెర వెనక కూడా ఎప్పుడైనా ఒక మాట జారిపోయేది. అప్పుడు వక్కాకు సంచి విప్పి, మూరెడు ఫిల్మును దీపానికి ఎత్తి పట్టుకునేది. వరసలో ఉన్న గురునాథ్‌లందరూ జోడించిన చేతులు దించి, ఆమె చెవి వైపు వంగేవాళ్లు. మాట అందేదాకా స్టేజీ మీద వేషగాడు తల గోక్కుంటూ నిలబడేవాడు. జనం అది నటన అనుకొని నవ్వేవాళ్లు.