బ్రాకెట్లో హర్షధ్వానాలు

నగరసభలో టైపిస్టుకు చేతులకన్నా చెవులతోనే పని ఎక్కువ. సమావేశం రికార్డు విని, ఎవరేమన్నారో అక్షరం పొల్లుపోకుండా టైపు చేయాలి. జనం చప్పట్లు కొట్టిన చోట బ్రాకెట్లో ‘హర్షధ్వానాలు’ అని పెట్టాలి.

ఆ ఉదయం ఆమె వేళ్లు సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. నలభై ఏళ్ల కిందట కాలిపోయిన నాటకశాల గురించి చెప్పుకోవడానికి నిన్న ఒక ముసలమ్మ సభకు వచ్చింది. ఒకప్పుడు అక్కడ గుమ్మం దగ్గర టికెట్లు చింపేదట. “ఆ రోజు తలుపులకి బయట తాళాలు వేసున్నాయండీ,” అంది. ఉన్న ఏడుగురు సభ్యుల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మూల కూర్చున్న టైపిస్టు కళ్లారా చూసింది. రికార్డులో మాత్రం ఆ మాట వెనకే వందల చేతుల చప్పుడు, ఆగకుండా.

హెడ్‌ఫోన్లు తీసి ప్రూఫులు దిద్దే పెద్దాయనకిచ్చింది. ఆఫీసంతా ఆయన్ని ‘నిఘంటువు తాతయ్య’ అంటారు. ఆయన విన్నాడు. మడిచిన చొక్కా చేతుల కింద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం ఆమెకు కనిపించింది.

“హర్షమంటే అసలర్థం ఇదేనమ్మా,” అన్నాడు మెల్లగా, ముంజేయి నిమురుకుంటూ. “రోమాలు లేచి నిలబడటం. సంతోషానికైనా, భయానికైనా. పోనుపోను సంతోషమొక్కటే మిగిలింది.”

“అయితే ఆ మాట ఉంచమంటారా తాతయ్యా?”

“నాకెలా తెలుస్తుంది? ఆవిడకే కబురుపెట్టు.”

మధ్యాహ్నం ముసలమ్మ వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు వింది.

“మీ మాటకి చప్పట్లు కొట్టారు పెద్దమ్మా,” అంది టైపిస్టు, ఊరడిస్తున్నట్టు.

“చప్పట్లేంటమ్మా! తలుపులు బాదుతున్నారు.”

టైపిస్టు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “ఇంతకీ... తాళాలు వేసిందెవరు?”

ముసలమ్మ తల దించుకుంది. “నేనే. టికెట్ లేనోళ్లు దూరుతున్నారని యజమాని వెయ్యమన్నాడు. పొగ చూసి పరిగెత్తేశాను తల్లీ. తాళంచెవులు నా చేతిలోనే ఉన్నాయి. నిన్న ఆ ఒక్క ముక్కా నోటికి రాలేదు.”

టైపిస్టు బ్రాకెట్లో మాట కొట్టేసి, ఆవిడ చెప్పింది ఉన్నదున్నట్టు టైపు చేసింది. ముసలమ్మ కింద సంతకం పెట్టింది. పెద్దాయన రికార్డు మళ్లీ మొదట్నుంచీ పెట్టాడు. తాళాల మాట వచ్చింది, వెళ్లింది. ఆ తర్వాత వినిపించింది ఒక్కటే: సభ్యుల్లో ఎవరో గ్లాసులో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు.